పంజరం ముందు మొండికేసిన పిట్ట

నవంబరు నెలలో, సాయంత్రం నాలుగింటికి, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పెంపుడు పిట్ట పంజరంలోంచి ఎగిరిపోయిందనుకుందాం. దాన్ని తిరిగి రప్పించడానికి ఇంటివాళ్లకు ఉన్న వ్యవధి గట్టిగా గంట. మన దేశపు గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే అక్కడి సూర్యుడు గడియారం కన్నా 41 నిమిషాలు ముందు నడుస్తాడు. నవంబరు చివర్లో విశాఖలో ఐదుంబావు దాటాక పొద్దుగూకితే, ద్వీపాల్లో ఐదు కొట్టకముందే పొద్దు వాలిపోతుంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి సందెవెలుగు కూడా ఎంతోసేపు నిలవదు. పగలు తిరిగే పిట్టకు చీకట్లో చూపు ఆనదు. చీకటి పడే వేళకి అది ఏ కొబ్బరిమట్ట మీద ఉంటే రాత్రంతా అక్కడే ఉండిపోతుంది.

ఆ గంటసేపూ ఇంటిల్లిపాదీ చేసే పని ఎక్కడైనా ఒకటే. వెంటపడతారు. ఒకరు చీపురుకట్ట ఊపుతారు, ఒకరు తువాలు విసురుతారు, పిల్లలు కిందనుంచి పేరు పెట్టి అరుస్తారు. పిట్ట ఇంకో కొమ్మ పైకి పోతుంది. అది మొండిదని, విశ్వాసం లేనిదని తీర్మానిస్తారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఆ తీర్మానం తప్పని. పిట్ట మొండికేయడం లేదు, లెక్క వేసుకుంటోంది. పంజరం గురించీ, చేతుల గురించీ, మనుషుల గొంతుల గురించీ ఇన్నాళ్లుగా మనమే నేర్పిన పాఠాన్ని అప్పజెబుతోంది. దాని లెక్క ఏమిటో తెలిస్తే దాన్ని మార్చవచ్చు.

పోర్ట్ బ్లెయిర్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. చిలుకను పెంచుకోవాలన్న ముచ్చట కూడా వాళ్లతోపాటే సముద్రం దాటింది. వాకిట్లో వేలాడే పంజరంలో ఉండే పిట్టలు ముఖ్యంగా రెండు రకాలు. దుకాణాల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మే బడ్జెరిగార్లు, నెత్తిన కుచ్చు ఉండే కాకటీల్‌లు. రెండూ ఆస్ట్రేలియా పిట్టలే. మూడో రకం కూడా ఉంది. ఆ దీవుల అడవి చిలుకలు. వాటిని పంజరంలో ఉంచడమే నేరం. వాటి సంగతి తర్వాత.

తనంతట తానే పంజరంలోకి నడిచివెళ్లే పిట్టను మనలో చాలామంది చూసే ఉంటాం. బస్టాండు పక్కన చెట్టుకింద చిలక జోస్యం చెప్పేవాడి దగ్గరుండే రామచిలుక. చిన్న పంజరం తలుపు పైకి లాగుతాడు. చిలుక బయటికి వస్తుంది. వరసగా పేర్చిన కార్డుల మీదుగా నడుస్తూ ఒక్కొక్కటే ముక్కుతో లాగి పక్కన పడేస్తుంది. ఒకచోట ఆగి ఒక కార్డు పట్టి ఇస్తుంది. ఒక వడ్లగింజ అందుకుని, పొట్టు ఒలుచుకుని తిని, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. తలుపు దిగుతుంది. రోజంతా ఇదే వరస.

ఆ చిలుక రెక్కల ఈకలు కత్తిరించి ఉంటాయి. అడవి నుంచి పట్టి తెచ్చిన రామచిలుకను అలా ఉంచుకోవడం చట్టానికీ విరుద్ధమే, పిట్టకూ నరకమే. ఆ వృత్తి కొనసాగాలని నేను కోరుకోను. అయినా అందులో ఒక నిజం కళ్లముందు కనిపిస్తుంది. ఎగరలేకపోయినా ఆ చిలుక పక్కకు నడిచి పోవచ్చు, కార్డుల మీదే కూర్చుని మొరాయించవచ్చు. అలా చేయదు. ఎందుకంటే దానికి లోపలికి వెళ్లడమంటే ఆట ముగియడం కాదు. కాసేపట్లో తలుపు మళ్లీ లేస్తుంది, మళ్లీ గింజ దొరుకుతుంది. లోపలికి పోయిన ప్రతిసారీ దాని అనుభవం ఇదే.

మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. సాయంత్రం కాసేపు పిట్టను వదులుతాం. గదంతా తిరుగుతుంది, కర్టెను కడ్డీ మీద కూర్చుంటుంది, అద్దం ముందు ముచ్చట్లాడుతుంది. వంటకు వేళయ్యేసరికి మనకు తొందర. "రా రా" అంటూ చేయి చాపి, పట్టి, లోపలికి తోసి తలుపు వేస్తాం. పిట్ట దృష్టితో చూస్తే ఆ పిలుపు తర్వాత వచ్చేది చేయి, చేతి తర్వాత వచ్చేది గడియ చప్పుడు. నాలుగు రోజులు ఇలా జరిగితే "రా రా" అన్న మాటే హెచ్చరికగా మారిపోతుంది. అప్పట్నుంచి ఎంత ప్రేమగా పిలిస్తే అంత దూరం ఎగురుతుంది.

1898లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను చెక్కపెట్టెల్లో పెట్టి, అవి గడియ తీసుకుని బయటపడటానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టాడు. మొదట్లో పిల్లి గోళ్లతో గీకేది, కరిచేది, ఎటు పడితే అటు తోసేది. అనుకోకుండా గడియ మీద కాలు పడి తలుపు తెరుచుకునేది. ప్రయత్నాలు పెరిగేకొద్దీ పనికిరాని చేష్టలు తగ్గిపోయి, గడియ మీద కాలు వేయడం మాత్రం మిగిలింది. హాయి కలిగించిన పని నిలబడుతుంది, బాధ మిగిల్చిన పని రాలిపోతుంది అన్నాడాయన. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ ఇదే సూత్రాన్ని పావురాల మీద ఎంతో సూక్ష్మంగా పరీక్షించి, కావలసిన ప్రవర్తనను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకూ ఒక్కో గింజ ఇస్తూ నేర్పవచ్చని చూపించాడు. జోస్యం చిలుక చేసే పని అంతా అలాంటి మెట్ల వరసే. తలుపు దాటడం ఒక మెట్టు, కార్డు పట్టడం ఒకటి, వెనక్కి తిరగడం ఇంకొకటి.

కాబట్టి పిట్టను లోపలికి రప్పించే పని అది బయటపడిన రోజున మొదలు కాదు. అంతకు ఎన్నో రోజుల ముందే మొదలవ్వాలి. తిండి పంజరం లోపల తప్ప బయట ఎక్కడా పెట్టకూడదు. దానికి బాగా ఇష్టమైనదాన్ని, బడ్జెరిగార్‌కైతే కొర్రకంకిని, పంజరం లోపలి మూలన కట్టాలి. పిట్ట లోపలికి పోయి నాలుగు గింజలు ఒలుచుకుంటుంది. తలుపు మూయకూడదు. మళ్లీ బయటికి రానివ్వాలి, మళ్లీ పోనివ్వాలి. లోపలికి పోయిన పదిసార్లలో తలుపు పడేది ఒక్కసారే అయితే ఆ ఒక్కసారిని పిట్ట పట్టించుకోదు. ప్రతిసారీ పడితే మాత్రం ఆ తలుపును అది ఎన్నటికీ నమ్మదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆకలితో మాడ్చితే దారికొస్తుందనే సలహా చాలామంది ఇస్తారు. బడ్జెరిగార్ బరువు 30 నుంచి 40 గ్రాములు. అంత చిన్న ఒంట్లో, మనకన్నా వేడిగా, దాదాపు 41 డిగ్రీల దగ్గర మండే ఒంట్లో, నిల్వలు ఎంతోసేపు ఆగవు. ఒక పూట కాస్త తక్కువ తిని ఉండటం వేరు, పస్తు పెట్టడం వేరు. పస్తు పెడితే పిట్ట లొంగదు, చస్తుంది.

చేతి సంగతి చూద్దాం. చిలుకల కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. మనకు ముందున్నదే కనబడుతుంది, వాటికి తల తిప్పకుండానే వెనకాల కూడా చాలావరకు కనబడుతుంది. వేటాడే జంతువుల కళ్లు ముందుకు ఉంటాయి, వేటకు గురయ్యేవాటి కళ్లు పక్కలకు ఉంటాయి. అలా పక్కకు కళ్లున్న జీవి మీదికి, ముందుకు కళ్లున్న పెద్ద ప్రాణి ఒకటి సూటిగా చూస్తూ, పైనుంచి చేయి చాపుతూ వస్తే ఎలా ఉంటుంది? డేగ జాతి పిట్టలు వచ్చేది కూడా పైనుంచే. మనిషి చూపు ఎటుందో పిట్టలు గమనిస్తాయని బ్రిటన్‌లో 2008లో స్టార్లింగ్ పిట్టల మీద చేసిన ప్రయోగం తేల్చింది. తిండి గిన్నె దగ్గర నిలబడ్డ మనిషి వాటివైపు చూస్తుంటే అవి దూరంగా ఉండిపోయాయి. అదే మనిషి చూపు పక్కకు తిప్పుకుంటే త్వరగా వచ్చి తిన్నాయి. స్టార్లింగులు మన గోరువంకలకు దగ్గరి చుట్టాలు.

అందుకని పిట్ట దగ్గరికి ఎదురుగా కాకుండా పక్కవాటంగా, మెల్లగా, దాని వైపే చూడకుండా వెళ్లాలి. చేయి బదులు ఒక సన్నని పుల్ల తీసుకుని, పిట్ట ఛాతీ కన్నా కింది నుంచి తెచ్చి, కాళ్ల పైభాగాన పొట్టకు ఆనించాలి. నిలబడ్డచోటు కన్నా కాస్త ఎత్తుగా ఏదైనా ఆనితే దాని మీదికి కాలు వేయడం చిలుకలకు అలవాటు. పుల్ల మీదికి ఎక్కాక దాన్ని పంజరం తలుపు వరకు తెచ్చి ఆపాలి. లోపలికి దూర్చకూడదు. కొర్రకంకి అది చూసే చోట ఉంటే మిగిలిన రెండడుగులు అదే వేస్తుంది.

ఇంకో సంగతి మన ఇళ్లలో అన్నిటికన్నా ముఖ్యం. పిట్టను వదిలే ముందు సీలింగు ఫ్యాను ఆపాలి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. కిటికీ అద్దాలకు గుడ్డ అడ్డం వేయాలి. పిట్టకు అద్దం ఒక అడ్డంకిగా కనబడదు, ఆకాశంగా కనబడుతుంది.

తప్పనిసరై పట్టుకోవలసి వస్తే గది చీకటి చేయడం మంచి ఉపాయం. దీపం ఆర్పే ముందు అది ఎక్కడ కూర్చుందో గుర్తుపెట్టుకుని, చీకట్లో పల్చటి గుడ్డతో కప్పి తీసుకోవాలి. ఛాతీ మీద వేళ్లు బిగించకూడదు. మనకు ఊపిరితిత్తుల కింద ఉండే విభాజక పటలం పిట్టలకు లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటి గాలితిత్తుల్లోకి గాలి పోయేది. రొమ్మును నొక్కిపట్టిన పిడికిలిలో పిట్ట నోరు తెరిచి, కళ్లు అరమూసి ఊరుకుంటే అది శాంతించిందని మనం అనుకుంటాం. నిజానికి దానికి ఊపిరాడటం లేదు. మెడను రెండు వేళ్ల మధ్య వదులుగా ఉంచి, వీపును అరచేతికి ఆనించి, రొమ్మును వదిలేయడమే సరైన పట్టు.

పిట్ట ఆరుబయటికి పోయిందంటే లెక్క మారుతుంది. పంజరంలో పుట్టి పెరిగిన పిట్టకు పైకి ఎగరడం వస్తుంది కానీ, ఎత్తు నుంచి నిటారుగా కిందికి దిగడం చేతకాదు. దిగడం ఒక విద్య. రెక్కలతో గాలిని ఆపుతూ, వేగం తగ్గించుకుంటూ, వాలేచోటు ఎంచుకుంటూ రావాలి. అడవి పిట్టల పిల్లలు తల్లిదండ్రుల వెంట ఎగురుతూ దాన్ని నేర్చుకుంటాయి. గదిలో పెరిగిన కాకటీల్‌కు ఆ అవకాశం రాదు. అది కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుని యజమాని గొంతు విని బదులు పలుకుతూ కూడా కిందికి రాకపోవచ్చు. రావాలని లేక కాదు, రాలేక. అప్పుడు పంజరాన్ని పిట్ట ఎత్తుకు తీసుకుపోవాలి. డాబా మీద, తలుపు బార్లా తెరిచి, కంకి కట్టి పెట్టాలి.

దాని జతపిట్ట ఇంట్లో ఉంటే సగం పని అయినట్టే. బడ్జెరిగార్లు జతకట్టినప్పుడు మగది ఆడదాని పిలుపును కొద్దివారాల్లో అచ్చంగా అనుకరించడం నేర్చుకుంటుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో నిరూపించారు. జతకు జతే ఒక సొంత పిలుపు తయారవుతుందన్నమాట. వెనెజువెలా అడవుల్లో ఒక చిన్న చిలుక జాతిలో తల్లిదండ్రులు ఒక్కో పిల్లకూ ఒక్కో పిలుపు నేర్పుతాయని 2011లో తేలింది. కాబట్టి ఇంట్లో మిగిలిన పిట్టను వేరే పంజరంలో, తెరిచిన పంజరం పక్కనే ఉంచి, మనుషులు నోరు మూసుకుని దూరం జరగాలి. గుంపుగా బతికే పిట్టకు ఒంటరితనం ఆకలి కన్నా బలమైనది. పొద్దు వాలే ముందు ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే గుంపుతో కలిసి ఒకచోట చేరి రాత్రి గడపడం చిలుకల స్వభావం. ద్వీపాల్లో సాయంత్రం ఎర్రరొమ్ము చిలుకలు గోలగోలగా రాత్రి మకాం చెట్లకు చేరడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ గంటను చీపుర్లతో పాడుచేసుకోవడం కన్నా పెద్ద నష్టం లేదు. చీకటిపడితే మర్నాడు తెల్లవారకముందే మళ్లీ అక్కడే ఉండాలి. ద్వీపాల్లో వెలుగు కూడా తొందరగానే వస్తుంది.

తిరిగి రావడం ఒకటి, లోపలికి దూరడం మరొకటి. పందెం పావురాలను పెంచేవాళ్లకు ఇది బాగా తెలుసు. వందల కిలోమీటర్ల దూరం నుంచి దారి తప్పకుండా వచ్చిన పావురం ఇంటికప్పు మీద కూర్చుని పావుగంట ఈకలు సవరించుకుంటే పందెం పోయినట్టే. పూర్వం కాలికున్న రబ్బరు ఉంగరం తీసి గడియారంలో వేస్తేనే సమయం లెక్కకొచ్చేది. అందుకే వాళ్లు పావురాలను ఎగరేసే ముందు తిండి పెట్టరు, దిగాకే పెడతారు. గింజల డబ్బా గలగలలాడిస్తే గూట్లోకి దూరడం పిల్లప్పుడే అలవాటు చేస్తారు.

ఇంత తాపత్రయం ఎందుకు, పోతే పోనీ, స్వేచ్ఛగా బతుకుతుంది కదా అనే మంచి మనసులు ఉన్నాయి. ఆ మాట మీదే నాకు ఎక్కువ బాధ. బడ్జెరిగార్ ఆస్ట్రేలియా నడిమధ్య ఎండుభూముల పిట్ట. పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ 1840లో దాన్ని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాక ప్రపంచమంతా పాకింది. గడ్డిగింజలు తిని, వాన పడిన చోటును వెతుక్కుంటూ గుంపులుగా తిరిగే దాని ఒళ్లు ఆ పొడినేలకు సరిపోయింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అక్కడి పచ్చని అడవిలో దాని తిండి లేదు. తడిసిన ఈకలతో, కాకులు తరుముతుండగా, తెలిసిన తిండి దొరక్క అది బతికేది కొద్దిరోజులే.

బతికితే అది ఇంకా పెద్ద చిక్కు. దీవుల్లోని జీవులు వేల ఏళ్లు వేరుగా పెరిగినవి, బయటి రోగాలు వాటికి కొత్త. హిందూ మహాసముద్రంలోనే ఉన్న మారిషస్‌ను చూడండి. మనుషులు తెచ్చిన మన రామచిలుక 19వ శతాబ్దం చివర్లో అక్కడ అడవిపాలై స్థిరపడింది. అక్కడి స్థానిక ఎకో చిలుకలు 1980ల నాటికి 20 లోపుకి పడిపోయాయి. అడవులు నరకడం దానికి పెద్ద కారణం. ఎంతో శ్రమపడి వాటిని పెంచుతుండగా 2005లో ముక్కు, ఈకలు పాడుచేసే వైరస్ విరుచుకుపడింది. ఆ వైరస్ అక్కడి రామచిలుకల్లోనూ ఉంది. అండమాన్‌లోనూ బ్రిటిష్ వారి కాలంలో తెచ్చి వదిలిన గోరువంకలు ఇప్పుడు ఊళ్లనిండా ఉన్నాయి. వాటిని వెనక్కి రప్పించే పంజరం ఏదీ లేదు.

ఆ అడవుల్లో కోల్పోవడానికి చాలా ఉంది. పొడవుతోక చిలుకకు అండమాన్‌లో ఒక ఉపజాతి, నికోబార్‌లో మరొకటి ఉన్నాయి. అండమాన్ ఉపజాతికి 1862 నుంచి 1864 వరకు పోర్ట్ బ్లెయిర్‌ను పాలించిన టైట్లర్ పేరు పెట్టారు. గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్ పరిసరాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది నికోబార్ చిలుక. జంతు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లిత్ 1846లో దాన్ని వర్ణించాడు. బూడిదరంగు తల, తోకతో కలిపి రెండడుగులకు దగ్గరగా ఉండే ఒళ్లు, మొగలి జాతి పండ్లంటే ప్రాణం. మాటలు నేర్చుకుంటుందన్న పేరే దాని పాలిట శాపమైంది. పెంపకం కోసం పిల్లలను గూళ్లలోంచి తీయడం దానికున్న ముప్పుల్లో ఒకటి. చిలుకలు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. పిల్లల కోసం తొర్రను నరికితే ఆ ఏటి పిల్లలే కాదు, వచ్చే ఏళ్ల గూడు కూడా పోతుంది. పెద్ద తొర్ర తయారవడానికి చెట్టుకు దశాబ్దాలు పడుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ చిలుకల్లో దేన్నీ పట్టకూడదు, అమ్మకూడదు, పెంచకూడదు. 1990-91 నుంచి దేశంలోని అడవి పిట్టల వ్యాపారమే నిషిద్ధం. ఇంట్లో అలాంటి చిలుక ఉంటే చేయవలసింది అటవీ శాఖకు అప్పగించడం. తలుపు తీసి చెట్ల మీదికి వదిలేయడం కాదు. మనిషి చేతిలో పెరిగిన పిల్లకు ఏ పండు తినాలో, ఏ నీడను చూసి దాక్కోవాలో చెప్పిన గుంపు లేదు. అదీ కొబ్బరిచెట్టు ఎక్కి దిగలేని కాకటీల్ లాగే ఉంటుంది. ఆఫ్రికా బూడిద చిలుక లాంటి విదేశీ పిట్టలను ఉంచుకున్నవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. బడ్జెరిగార్, కాకటీల్‌లకు ఆ నమోదు అక్కర్లేదు. చట్టం అడగని చోట బాధ్యత అంతా పెంచేవాళ్లదే.

చివరిగా, పిట్ట తిరిగి వచ్చిన ఇంటికి ఒక సూచన. ఆ రాత్రి పంజరాన్ని గుడ్డతో కప్పి, నీళ్లూ కంకీ పెట్టి వదిలేయాలి. ముద్దుచేయడం, బంధువులకు చూపించడం అన్నీ తర్వాత. గాలికి, భయానికి అలసిన పిట్ట మర్నాడు ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చుంటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. చురుగ్గా ఉంటే, రెండు మూడు రోజులు ఆగి, కిటికీలు వేసి, ఫ్యాను ఆపి, పంజరం తలుపు మళ్లీ తీయాలి. ఇక ఎప్పటికీ తీయకూడదని ఇంట్లో అందరూ అనే సమయమిది. కానీ తలుపు మూసే ఉంచితే, తిరిగి వచ్చినందుకు దానికి దక్కిన ఫలం చెర ఒక్కటే అవుతుంది. అదే దాని లెక్కలోకి చేరుతుంది. తలుపు తీసి, లోపలి మూలన తాజా కొర్రకంకి కట్టి, పక్కకు తిరిగి కూర్చోండి.